ఎడారి కోటలో మా వదిన చల్లిన కల్లాపి

మా హవేలి, వాళ్ల హవేలి

మాది ఖమ్మంలో ఖానాపురం హవేలి. పుట్టింది చర్ల దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న పల్లెలోనే అయినా, పెళ్లయి ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది కనుక ఎవరు ఏ ఊరని అడిగినా నోటికి ఇదే వస్తుంది. హవేలి అంటే ఏమిటో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. షేర్ ఆటోవాడు అరిచే పేరు, కరెంటు బిల్లు మీద ఉండే పేరు, అంతే. అదొక మాట అనీ, దానికో అర్థం ఉందనీ తెలియడానికి నేను జైసల్మేర్ దాకా పోవలసి వచ్చింది.

ఆ ప్రయాణం అసలు నేనూ మా ఆయనా చేయవలసింది. సెలవు దొరికి, టికెట్లు తీసుకుని, పెట్టె అడుగున పడి ఉన్న స్వెట్టర్లు ఎండలో వేశాక ఆయనకు ఎలక్షన్ డ్యూటీ పడింది. ఒక్కదాన్నే పోతానంటే ఇంటిల్లిపాదీ నా మీద పడ్డారు. అప్పుడు పుట్టింటి నుంచి మా వదిన ఫోన్ చేసింది. "నేనొస్త పా రజితా. మీ అన్న పత్తి ఏరిపిచ్చుకుంటడు తీ" అంది.

మా వదిన పేరు సమ్మక్క. మా అన్న భార్య. వయసు యాభై దాటింది. భద్రాచలం, ఖమ్మం, ఒకసారి విజయవాడ తప్ప ఇంకో ఊరు చూడలేదు. హిందీ ఒక్క ముక్క రాదు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేస్తే తప్ప చాయ్ కూడా ముట్టదు. ఈ చివరి సంగతి ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ చూస్తున్నదే కనుక నేను లెక్కలోకి తీసుకోలేదు. తీసుకుని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

జైసల్మేర్ కోట దూరం నుంచి బెల్లం అచ్చులు పేర్చినట్టు కనిపిస్తుంది. అంతా పసుపుపచ్చ రాయి. ఎండ పడితే బంగారం రంగులోకి తిరుగుతుంది, అందుకే దాన్ని బంగారు కోట అంటారు. మాకు బస దొరికింది ఆ కోట లోపలే, మూడు గదులు అద్దెకిచ్చే ఒక ఇంట్లో. ఇంటి మనిషి పేరు సంతోష్ అని మెసేజిలో ఉంటే, నేను ప్రతి మాటకీ 'భయ్యా' అని రాశాను. భయ్యా, వేడినీళ్లు ఉంటాయా? భయ్యా, గదికి తాళం ఉంటుందా? కోట గుమ్మం దగ్గర ఆటో దిగేసరికి, నారింజరంగు ఓణీ తలమీదుగా కప్పుకున్న నలభై ఏళ్ల ఆడమనిషి ఎదురొచ్చి నవ్వింది. "నేనే మీ సంతోష్ భయ్యాని" అంది. అక్కడ ఆడవాళ్లకూ సంతోష్ అని పేరు పెడతారట! నా మొహం చూడాలి అప్పుడు.

ఏ ఊరు నుంచి అని దారిలో అడిగింది. "ఖానాపురం హవేలీ" అన్నాను. టక్కున ఆగిపోయింది.

"ఆప్‌కీ హవేలీ హై?"

మీకు హవేలీ ఉందా అని. వాళ్లకు హవేలీ అంటే పెద్ద మేడ. నేను నోరు తెరిచేలోపు మా వదిన, తనకు తెలిసిన ఒకే ఒక్క మాట వినిపించిన సంబరంలో, తల గట్టిగా ఊపుతూ "అవ్, హవేలి, హవేలి" అంది. అంతే. ఆ సాయంత్రానికి మేము దక్షిణాది నుంచి వచ్చిన హవేలీ యజమానులమని వీధంతా తెలిసిపోయింది. సంతోష్ అత్తగారు, చూపు దాదాపు పోయిన పెద్దావిడ, నా చెయ్యి పట్టుకుని గాజులు తడిమి చూసింది. హవేలీ మనిషికి ఇంత సన్నటి గాజులేమిటని ఆమె అనుకుని ఉంటుంది.

గోడ మీద గాజుముక్క

మొదటి దెబ్బ ఏమిటంటే, ఆ కోటలో మనుషులు ఉంటున్నారు. మనకు కోట అంటే ఖమ్మం ఖిల్లా. మేకలు, ఎండలో జారుడు రాళ్లు, సెల్ఫీలు దిగే పిల్లలు, సాయంత్రమైతే ఎవరిళ్లకు వాళ్లు. ఇక్కడ వందల ఏళ్ల కిందట భాటీ రాజులు కట్టిన కోటలో తీగల మీద బట్టలు ఆరుతున్నాయి, కుక్కర్లు కూత వేస్తున్నాయి, ఆవులు సందుల్లో అడ్డంగా నిలబడి దారి ఇవ్వడం లేదు. జైన గుడులు, రాజుగారి మహలు, చెప్పుల కొట్టు, ట్యూషన్ బోర్డు అన్నీ ఒకే గోడకు ఆనుకుని ఉన్నాయి. "గింత కోటల సంసారాలు జేస్తుండ్రా!" అని వదిన అడుగడుక్కీ ఆగింది.

సంతోష్ ఇల్లు కోట బయటి గోడకు దగ్గర. మా గది మేడ మీద. మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయంటే, పైనుంచి దొడ్డు తాడు ఒకటి వేలాడదీసి ఉంచారు, పట్టుకుని ఎక్కడానికి. సంతోష్ కింది నుంచి "నీచే ఆయియే" అని పిలిస్తే భోజనం అని అర్థం. పైనుంచి "ఊపర్ ఆయియే" అంటే మిద్దె మీద చాయ్ అని అర్థం. ఒక్కపూటలో వదినకు ఈ రెండూ వచ్చేశాయి. "ఊపర్ అంటే మీద, నీచే అంటే కింద. ఇంగేంది, వచ్చింది పో నాకు హిందీ!" అని మెట్ల మీదే ప్రకటించింది.

గడప దాటి లోపలికి రాగానే ఎడమ పక్క గోడలో ఒక పగులు ఉంది. నేల దగ్గర మొదలై కిటికీ దాకా ఏటవాలుగా పోయింది, వేలు దూరేంత వెడల్పు. ఆ పగులు మీద, నడుమెత్తులో, చిన్న గాజు పట్టీ ఒకటి నిలువుగా పెట్టి, చుట్టూ నాలుగు మూలలా సిమెంటు అద్ది అతికించారు. దిష్టికి ఏదో కట్టారనుకుని వదిన చెయ్యి చాపింది. సంతోష్ ఆ చేతిని గాలిలోనే పట్టేసింది. నవ్వుతూనే పట్టింది కానీ గట్టిగా పట్టింది.

గోడ నడుస్తోందా లేదా అని చూడటానికి పెట్టారట. గోడ నడవడం అన్న మాట నేను అప్పుడే విన్నాను. గోడ ఏమాత్రం కదిలినా గాజు తట్టుకోలేదు, పగులుతుంది. గురువారం ఇంజనీర్లు వచ్చి చూస్తారు. గాజు బాగుంటే, వీళ్లను ఇంట్లోనే ఉంచి గోడ బాగుచేస్తారు. పగిలితే ఇల్లు ఖాళీ చేయాలి. తన మామగారి ముత్తాత నాటి ఇల్లు. భర్త ఇసుక దిబ్బల దగ్గర జీపు నడుపుతాడు, వారానికోసారి వస్తాడు. ఇంటిని నడిపించేది ఈ మూడు గదుల కిరాయే. ఆమె ఇవన్నీ చెబుతూ గాజువైపు చూడనే లేదు. మేము ఉన్నన్ని రోజులూ, ఆ పక్క నుంచి నడిచిన ప్రతిసారీ మాత్రం ఓణీ కొంగు దగ్గరికి లాక్కుని నడిచేది.

ఇవన్నీ నేను వదినకు చెప్పాను. వదిన గాజుకు దూరంగా నిలబడి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

స్నానాల గదిలో ఒక కాగితం అతికించి ఉంది. నీళ్లు తక్కువ వాడండి, దయచేసి. ఎడారి కదా, పాపం నీళ్ల కరువు అనుకున్నాను. నేను చేసిన తప్పు ఇదే. కాగితం చదివాను, కారణం నేనే ఊహించుకున్నాను, అడగలేదు.

కట్టెపుల్లల కూర, రెండున్నర జౌహర్లు

మర్నాడు ఊరు చూశాం. కోట కింద ఊళ్లో అసలు హవేలీలు ఉన్నాయి. పాతకాలపు వర్తకులు కట్టించిన ఇళ్లు. రాయిని చెక్కారా, అల్లారా అని నాకు ఇప్పటికీ అనుమానమే. ఒక్కో కిటికీ ఒక్కో రకం. లేసులాంటి ఆ రాతి జాలీల వెనక నిలబడితే వీధిలో వాళ్లంతా మనకు కనిపిస్తారు, మనం వాళ్లకు కనిపించం. సున్నం, సిమెంటు లేకుండా రాయికి రాయి గాడి తీసి బిగించారట. వదిన నా చెవిలో, "ఏందే, నిన్న మనం గిట్లాంటిది మనకున్నదని చెప్పినమా?" అంది. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా ఖానాపురంలో ఉన్నవి ప్లాట్లు, రెండు పడగ్గదుల అపార్టుమెంట్లు, మూలమీద మిర్చి బజ్జీల బండి. ఆ హవేలీల దగ్గర కలిసిన, ఉర్దూ తెలిసిన ఒక పెద్దాయన చెప్పాడు, నైజాం కాలంలో సర్కారు తన చేతికిందే ఉంచుకున్న భూమిని కూడా హవేలి అనేవారట. అంటే మా పేరులో ఉన్నది మేడ కాదు, శిస్తు! వదినకు ఇది చెబితే, "పోనీతీ, మనం అబద్ధం ఆడలే గదా" అని ఊపిరి పీల్చుకుంది.

మధ్యాహ్నం భోజనంలో కేర్-సాంగ్రీ అని ఒక కూర వడ్డించారు. ఎండిన చిన్న కాయలు, ఎండిన సన్నటి చిక్కుడుకాయల్లాంటివి, రెండూ ముళ్ల చెట్లకు కాసేవే. ఏడాదంతా నిలవుంటాయట. "గివి కట్టెపుల్లలు గదనే" అంటూనే వదిన రెండోసారి వేయించుకుంది. బాటీ అనే పిండి ఉండలను నిప్పుల మీద కాల్చి, నెయ్యిలో ముంచి, పప్పుతో పెట్టారు. నెయ్యి దగ్గర వాళ్లకు పిసినారితనం లేదు. మేము తీసుకుపోయిన గోంగూర పచ్చడి సంతోష్‌కు పెడితే ఒక్క ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకుని, సీసా మాత్రం వెనక్కి ఇవ్వలేదు. మంచినీళ్ల బాటిల్‌కు కోట లోపల ఒక రేటు, గుమ్మం బయట ఒక రేటు. దానిమీద నేనొక పోట్లాట పెట్టుకుని ఓడిపోయాను.

మహలు చూపించిన గైడు, ఈ కోటలో రెండున్నర జౌహర్లు జరిగాయని చెప్పాడు. శత్రువు చేతికి చిక్కడం ఇష్టంలేక ఆడవాళ్లు మంటల్లో దూకడం జౌహర్. రెండున్నర ఏమిటి, సగం ఎట్లా జరుగుతుంది అని అడిగాను. ఒక శత్రువు స్నేహితుడిలా వచ్చి, మా ఇంటి ఆడవాళ్లు మీ రాణులను చూస్తారట అని పల్లకీలు పంపించాడట. కోటలోకి వచ్చాక పల్లకీల్లోంచి సైనికులు దిగారు. అంతా అయిపోయిందనుకున్నారు లోపలి వాళ్లు. చితి పేర్చే సమయం కూడా లేదని, రాజే తన ఇంటి ఆడవాళ్లను కత్తితో నరికాడట. ఆ వెంటనే బయట నుంచి సాయం వచ్చింది. శత్రువు ఓడిపోయాడు. కోట నిలిచింది. మంటలు లేవు, ఓటమి లేదు కనుక దాన్ని సగం కింద లెక్కేస్తారు. ఇదంతా అతను చెప్పిన తీరు మాత్రం రైలు టైములు చెప్పినట్టే ఉంది.

అదే మాట వదినకు తెలుగులో చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వదిన మహలు మెట్ల మీద కూర్చుండిపోయింది.

"అరనా? సచ్చినోళ్లు అర సచ్చిండ్రానే? నిండుగ సచ్చిండ్రు గదా."

వదిన ఏమన్నదని గైడు అడిగాడు. నేను అనువదించలేకపోయాను. "జర ఆగుంటే బతుకుదురు గదా" అని వదిన ఆ రోజంతా ఆ మాటే అంటూ ఉంది. తినేటప్పుడూ అంది, చెప్పులు బేరం చేసేటప్పుడూ అంది.

గడప ముందు

బుధవారం పొద్దున నన్ను నిద్రలేపింది ఒక కేక. కేక అంటే మామూలుది కాదు. పామునో మంటనో చూసినట్టు. నేను ఆ తాడు కూడా పట్టుకోకుండా మెట్లు దిగాను.

సంతోష్ అత్తగారు రోజూ పొద్దున గోడ తడుముకుంటూ వచ్చి గడప మీద కూర్చుంటుంది. ఆ రోజు ఆమె పాదం తడిలో పడింది. గడప పట్టుకుని నిలబడి "పానీ! పానీ!" అని అరుస్తోంది. ఎదురుగా మా వదిన, ఊరి నుంచి తెచ్చుకున్న ముగ్గుబుట్టతో కొయ్యబారి నిలబడి ఉంది.

వాకిలంతా తడి. గోడ కింది భాగమంతా కడిగి ఉంది. మెట్లు కడిగి ఉన్నాయి. సందులో తిరిగే ఆవుల పేడ తెచ్చి, నీళ్లలో కలిపి, రాతిపలకల మీద చిక్కగా కల్లాపి చల్లి, దాని మీద పద్మం ముగ్గు వేసింది. ఎంత చక్కగా వేసిందో! వెనకపక్క నీళ్ల డ్రమ్ములు రెండూ బోర్లించి ఉన్నాయి.

నాకు ఏమీ అర్థం కాలేదు. నీళ్లు వృథా చేసినందుకు ఇంత కేకా అనుకున్నాను. అంతలో సంతోష్ వచ్చింది. ఆమె అరవలేదు. మోకాళ్ల మీద కూర్చుని, గడప కింద చెవి పెట్టి విన్నది. నేనూ వంగాను. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. పోసిన నీళ్లు వీధిలోకి పారలేదు. గడప రాయికీ నేలకూ మధ్య ఉన్న సందులోంచి, సరిగ్గా ఆ పగులు మొదలైన చోట, గుటగుటమని లోపలికి దిగిపోతున్నాయి. రాయి నీళ్లు తాగుతుంటే అట్లా చప్పుడు వస్తుందని నాకు తెలియదు.

సంతోష్ అప్పుడు చెప్పింది. ఈ కోటను తినేస్తున్నది నీళ్లే. ఎడారిలో నీళ్లు! కింద ఉన్నది గట్టి కొండ కాదట. రాయి, మట్టి పొరలు పొరలుగా ఉన్న గుట్ట. పొడిగా ఉన్నంతకాలం ఎన్ని వందల ఏళ్లయినా మోసింది. పూర్వం కింది చెరువు నుంచి ఆడవాళ్లు తలమీద కుండలతో నీళ్లు మోసుకొచ్చేవారు. స్నానం చేసిన నీళ్లతో గిన్నెలు తోమి, ఆ నీళ్లే పశువులకు పెట్టేవారు. ఒలకబోయడానికి నీళ్లుంటే కదా. తర్వాత కాలువ నీళ్లు వచ్చాయి, పైపులు వచ్చాయి, మాలాంటి వాళ్లకోసం స్నానాల గదులు వచ్చాయి. పాత మురుగు గొట్టాలు లోలోపల కారి మట్టిని మెత్తబరిచాయి. కోట బురుజులు కొన్ని ఇప్పటికే కూలాయట. స్నానాల గదిలో ఆ కాగితం నీళ్లు లేక కాదు, నీళ్లు ఎక్కువై.

నాకు మతిపోయింది. గోదావరి పొంగితే ఇంట్లోకి నీళ్లొచ్చే ఊరు మాది. నీళ్లు ఇల్లు కూల్చడం మాకు కొత్తేమీ కాదు. కానీ వాన చుక్క పడని చోట, ఆకాశం మొత్తం ఎండగా ఉన్న చోట, నీళ్లు కోటను కూలుస్తాయని ఎవరు అనుకుంటారు?

"ఏమంటున్నది?" అని వదిన అడిగింది. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆమె చేతిలోంచి ముగ్గుబుట్ట జారిపోయింది.

"నిన్న తినేకాడ పంపు వచ్చి డ్రమ్ములు పొంగుతుంటె చూసిన. నీళ్లు దండిగనే ఉన్నయనుకున్న. వాడుకోనా అని సైగ జేసి అడిగిన, హా హా అన్నది. రేపు ఆఫీసర్లు వస్తరు గదా రజితా. పెద్దోళ్లు వచ్చే ఇంటి వాకిలి ఎండిపోయి ఉంటె మంచిగుంటదా? పిల్లకు మంచి జరగాల్నని సాన్పు జల్లిన. గంతే."

సంతోష్ హా అన్నది స్నానానికి అనుకుని. నేను ఆ మాట హిందీలో చెబుతుంటే సంతోష్ తలెత్తి వదిన వైపు చాలాసేపు చూసింది. తిట్టు ఏదైనా వస్తుందేమోనని ఎదురుచూశాను. వస్తే బాగుండేది. ఆమె లేచి లోపలికి పోయి పాత బొంతలు తెచ్చింది.

తర్వాత వీధి వీధంతా వచ్చింది. ఎవరూ పిలవలేదు, అత్తగారి కేక చాలింది. తట్టల్లో పొడి ఇసుక తెచ్చి గడప కింద కుమ్మరించారు. తడిసిన ఇసుక ఎత్తి బయట పోసి, మళ్లీ పొడిది పోశారు. సంతోష్ బొంతలు అదిమి తడి పీల్చింది. వదిన తన కొత్త శాలువా తీసి, మోకాళ్ల మీద కూర్చుని, తను వేసిన ముగ్గును తనే తుడిచింది. వేసిన ముగ్గును చేత్తో తుడవడం మా ఇళ్లల్లో చేయరు. ఆమె తుడుస్తుంటే నేను చూడలేక పక్కకు తిరిగాను. తిరిగితే ఎదురుగా గాజు ఉంది. గాజు బాగానే ఉంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వదిన ఒంటిమీద నీళ్లు పోసుకోలేదు. రెండు పూటలా స్నానం చేసే మనిషి. మొహం కడుక్కోవడానికి కూడా తువ్వాలు కొసను తడిపి తుడుచుకుంది. చాయ్ ఇస్తే, "తాగితే బయటికి పోవాలె గదనే, మళ్ల నీళ్లు" అని వద్దంది. ఇది విని నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. వదిన గాజుకు ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని దానివైపే చూస్తూ ఉండిపోయింది. అత్తగారు తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఒకామెకు చూపులేదు, ఇంకొకామెకు భాషలేదు. సాయంత్రం దాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.

గురువారం

ఇంజనీర్లు ఇద్దరు వచ్చారు. పెద్దాయన కళ్లద్దాలు నుదుటిమీదికి నెట్టి, గాజు మీద టార్చి వేసి, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తర్వాత గడప దగ్గర ఇంకా పూర్తిగా ఆరని రాతిని వేలితో ముట్టి, ఏమిటిది అన్నాడు.

నేను జరిగింది చెప్పబోయాను. సంతోష్ నాకంటే ముందే అంది, "డ్రమ్ము ఒలికింది సాబ్."

ఆయన తల ఊపి రాసుకున్నాడు. గాజు నిలిచి ఉంది, గోడ నడవడం లేదు, ఇంట్లోనే ఉండవచ్చు, మరమ్మతు మొదలుపెడతాం అన్నాడు. సంతోష్ అత్తగారు రెండు చేతులూ పైకెత్తి ఎవరికో దండం పెట్టింది. సంతోష్ పరుగెత్తిపోయి మిఠాయి కొట్టు నుంచి నెయ్యి ఓడుతున్న ఘోటువా లడ్లు తెచ్చి, మొదటిది మా వదిన నోట్లో పెట్టింది. ఇంజనీర్‌కు కూడా కాదు, మా వదినకు! వదిన లడ్డు నములుతూ భోరుమని ఏడ్చింది.

ఆ రాత్రి బయలుదేరేటప్పుడు సంతోష్ కోట గుమ్మం దాకా వచ్చింది. "మీ హవేలీ చూడటానికి వస్తాను ఒకసారి" అంది నాతో. మా హవేలీ సంగతి అప్పటికే ఆమెకు తెలుసు. అందరం నవ్వాం. రైలెక్కగానే వదిన మొదట చేసిన పని స్నానాల గదికి పోయి, వచ్చినన్ని నీళ్లతో మొహం, కాళ్లు, చేతులు కడుక్కోవడం.

జోధ్‌పూర్ దాటాక

ఫోన్ వచ్చేసరికి వదిన కిటికీ దగ్గర, నేను పక్కన. రైలు చప్పుడుకు వినపడక స్పీకర్ పెట్టాను, వదినకు కూడా వినిపిస్తోంది.

"టూట్ గయా" అంది సంతోష్.

గాజు పగిలింది. ఆ తెల్లవారుజామునే. అందరూ గోడ నడవడం లేదని నమ్మి, లడ్లు తిని, నిద్రపోయాక. ఇంజనీర్ మళ్లీ వచ్చాడు, ఖాళీ చేయమన్నాడు. కింద ఊళ్లో మరిది ఇంట్లో రెండు గదులు ఇస్తామన్నారట. సామాను దింపుతున్నారు. అత్తగారు మాత్రం గడప మీద నుంచి లేవడం లేదట.

ఎందుకు అడిగానో తెలియదు. ఎక్కడి నుంచి పగిలింది అని అడిగాను.

"నీచే సే" అంది. కింది నుంచి. నీళ్లు దిగిన వైపు నుంచి.

తర్వాత ఆమే మెల్లగా అంది. రెండు డ్రమ్ములకు గోడ పడదు, ఏళ్ల తరబడి నా ఇంటికొచ్చిన వాళ్ల స్నానాల నీళ్లు అవి, నేను అద్దె తీసుకుని పోయించుకున్నవి. కానీ దీదీ నమ్మదు. దీదీ అని ఆమె అనేది మా వదినని. "దీదీ కో ఊపర్ బోల్నా." దీదీతో పైనుంచి అని చెప్పు.

ఫోన్ పెట్టేశాను. వదిన నా మొహం చూస్తోంది.

"సంతోషేనా? ఏమన్నది?"

"గాజు పగిలిందట వదినా. ఇల్లు ఖాళీ చేస్తున్నారట." ఫోన్ సంచిలో పెట్టేశాను. "పైనుంచి పగిలిందట. మేడ మీద బరువుకట. మన నీళ్లకు సంబంధమే లేదట."

"అట్లనా" అంది వదిన. కిటికీ వైపు తిరిగింది. ఇసుక, ముళ్ల చెట్లు, అక్కడొక ఒంటె, ఇక్కడొక ఒంటె. ఖమ్మం వచ్చేదాకా ఆమె కోట ఊసెత్తలేదు. ఎంత నమ్మిందో అని నేను మనసులో సంబరపడ్డాను కూడా.

ఆ పూట మా ఇంట్లోనే ఉంది. మర్నాడు పొద్దున లేచి చూస్తే వాకిలి శుభ్రంగా ఊడ్చి ఉంది. బకెట్ మాత్రం బోర్లించినట్టే ఉంది. మా ఖానాపురం హవేలిలో, గట్టి నేల మీద, మున్నేరుకు ఇంత దగ్గరలో, మా వదిన కల్లాపి చల్లకుండా కూర్చుని చాయ్ తాగుతోంది.

చర్ల బస్సు ఎక్కించాను. సీటు దొరికింది, సంచీ ఒళ్లో పెట్టుకుంది. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పిల్లకు ఫోన్ జేస్తవు గదా రజితా?"

"చేస్తాను వదినా."

"చేస్తె చెప్పు. నువ్వు నాతోని ఊపర్ అనే చెప్పినవని. నేను నమ్మిన్నని చెప్పు."